వాకెన్ బురదలో ఐరన్ మెయిడెన్



మామూలుగా ఈ పేజీలో చెనిక్కాయకు తిక్కా మచ్చ, డ్రిప్పు పైపుల్లో ఉప్పు పట్టడం, మోటారు కాలిపోవడం, ఇట్లాంటివే రాస్తుంటా. ఈరోజు ఒక పాటల కచేరీ గురించి రాస్తాండా. అది మన భజన కాదు, హరికథ కాదు, పెళ్లి ఆర్కెస్ట్రా అంతకన్నా కాదు. ఇంగ్లండు దేశపు బ్యాండు, జర్మనీలో ఒక పల్లెటూరి పొలాల్లో వాయిస్తే చూసొచ్చిన సంగతి. 2023 ఆగస్టులో జరిగింది. చాలాసార్లు రాద్దామనుకుని, ఈ వయసులో ఈయనకు ఇదేం పిచ్చి అంటారేమోనని ఊరుకున్నా. మొన్న ఒక తమ్ముడు "అన్నా, చెయ్యి ఎట్లుంది, మళ్లీ సేద్యం చేస్తాండవంట కదా, ఎట్ల ధైర్యం చేసినావు" అని అడిగినాడు. దానికి జవాబు చెప్పాలంటే ఈ కథ చెప్పక తప్పదు. కొంచెం పొడుగుంటుంది. నీళ్లు కట్టేటప్పుడు గట్టు మీద కూచుని తీరిగ్గా చదువుకోండి.

ముందు ఈ బ్యాండు నాకెట్ల తగులుకుందో చెప్తా. ఇంటర్ అయినాక పై చదువుకు ఇంట్లో డబ్బుల్లేక, 1987లో బెంగళూరు పోయి కలాసిపాళ్యంలో మా చిన్నాన్న పనిచేసే లారీ ఆఫీసులో చేరినా. రాత్రిపూట సరుకు బుకింగులు రాసుకునే పని. నాతోపాటు కోలారు గనుల పక్క నుంచి వచ్చిన పిల్లోడు ఒకడుండేవాడు. వాడి దగ్గర చిన్న టేపురికార్డరు. అర్ధరాత్రి లారీలన్నీ పోయినాక వాడొక క్యాసెట్టు పెట్టేవాడు. నకలు క్యాసెట్టు, మీద బాల్‌పెన్నుతో రాసిన పేరు: ఐరన్ మెయిడెన్, సమ్‌వేర్ ఇన్ టైమ్. 1986లో వచ్చిన ఆల్బమ్.

మొదటి రాత్రి విన్నప్పుడు "ఇదేం గోలరా నాయనా" అన్నా. రెండో రాత్రి ఏమనలేదు. వారం తిరిగేసరికి నేనే పెట్టమని అడుగుతాండా. పాటల మాటలు నాకు పావు వంతు కూడా అర్థం కాలేదు, నా ఇంగ్లీషు అంతంతమాత్రమే. కానీ మన అనంతపురం ఉరుముల వాళ్లు జాతరలో వాయిస్తే గుండెకాయ దగ్గర అదురుతుంది చూడండి, అట్ల అదిరింది. అడుగున బేస్ గిటారు ఒకటి ఉంటుంది, అది గుర్రం దౌడు తీసినట్టు టకటకా టకటకా అని పోతానే ఉంటుంది. ఆ వాయించేవాడి పేరు స్టీవ్ హ్యారిస్. 1975లో తూర్పు లండన్‌లో ఈ బ్యాండు పెట్టింది ఆయనే. పాటగాడు బ్రూస్ డికిన్సన్. ఈయన సంగతి మీకు భలే నచ్చుతుంది. పాటలు పాడుకుంటూనే విమానం నడపడం నేర్చుకుని నిజంగానే ప్రయాణికుల విమానాలకు పైలట్‌గా పనిచేసినాడు. బ్యాండు ఊరూరా తిరిగే విమానాన్ని కూడా తానే తోలినాడు. మనలో లారీ ఓనరే డ్రైవరయినట్టు. తర్వాత గొంతులో క్యాన్సర్ వస్తే వైద్యం చేయించుకుని, మళ్లీ వచ్చి అదే గొంతుతో పాడుతున్నాడు.

ఇంకొకటి ఉంది, ఎడ్డీ అని వాళ్ల బొమ్మ. పుర్రెకు తోలు తొడిగినట్టుంటుంది. ప్రతి ఆల్బమ్ మీదా ఒక్కో వేషంలో ఉంటాడు. మా ఇంటామె ఆ క్యాసెట్టు అట్ట చూసి "ఈ దిష్టిబొమ్మను ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా, చేలో కట్టు" అనేది. ఆమె చెప్పింది నిజమే, అదే పని చేస్తుంది ఆ బొమ్మ.

1989లో మా నాయనకు ఆరోగ్యం బాగలేక ఊరికొచ్చేసినా. అయిదెకరాలు, ఒక బావి. ఆ పిల్లోడు వచ్చేటప్పుడు క్యాసెట్టు నా చేతిలో పెట్టినాడు. అది తొమ్మిదేళ్లు బతికింది. తర్వాత టేపు నలిగి చిక్కుబడి పోయింది. మళ్లీ ఫోన్లు వచ్చినాక మావాడు యూట్యూబులో వెతికి పెట్టినాడు. రాత్రి రెండు గంటలకు త్రీఫేజు కరెంటు ఇస్తే మీరంతా ఏం చేస్తారో నాకు తెలీదు గానీ, నేను చెవుల్లో అవి పెట్టుకుని మడవ తిప్పేవాణ్ణి. పాము బుస కొట్టినా వినపడదని మా ఇంటామె తిట్టేది.

2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినారు. మన ఊరి నుంచి బస్సెక్కితే పూటలో చేరే దూరం. పేపర్లో చూసి ఎగిరి గంతేసినా. సరిగ్గా ఆ వారమే మా బోరు ఎండింది. 450 అడుగులు వేయించినాం, దుమ్ము లేచింది. ఇంకో చోట వేయించినాం, ఇంచు నీళ్లు పడినాయి. బోరు బండి వాడికి డబ్బులిచ్చి, పైపులు దింపుతుంటే సాయంత్రమైంది. ఆ రోజే కచేరీ. ఎవరితోనూ ఏమీ అనలేదు. అంటే మాత్రం ఎవరికి అర్థమవుతుంది?

మావాడికి మాత్రం అర్థమైంది. వాడప్పుడు చిన్నోడు. తర్వాత ఇంజనీరింగు చేసి, జర్మనీలో ఎంఎస్ చదివి, హాంబర్గ్‌లో ఉద్యోగంలో చేరినాడు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు తక్కువ కాబట్టి పోగలిగినాడు, లేకుంటే మన అయిదెకరాలు ఎప్పుడో పోయుండేవి. 2022 ఆగస్టులో ఒకరోజు ఫోన్ చేసి, "నాయనా, వచ్చే ఏడాది వాకెన్‌లో ఐరన్ మెయిడెన్ ఉంది. రెండు టికెట్లు కొన్నా" అన్నాడు. ఒక్కో టికెట్టు 299 యూరోలు. రేటు విని నేను కాసేపు మాట్లాడలేదు. వాడు మాత్రం "గంటల్లో అయిపోయినాయి, దొరకడమే గొప్ప" అంటాడు.

ఆ ఏడాది అక్టోబర్లో నాకు పక్షవాతం వచ్చింది.

పొద్దున్నే పాలు పిండి లేస్తుంటే చెంబు చేతిలోంచి జారింది. వంగి తీసుకుందామంటే కుడి చెయ్యి రాలేదు. మాట ముద్దముద్దగా వచ్చింది. మా బావమరిది తెలివిగలవాడు. ఫలానా ఊర్లో ఆకు పసరు పోస్తారని ఇద్దరు ముగ్గురు అంటున్నా వినకుండా, ఆటోలో వేసుకుని నేరుగా పెద్దాసుపత్రికి తీసుకపోయినాడు. ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతా, దయచేసి గుర్తుపెట్టుకోండి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పైకి లేవకున్నా, మాట తడబడినా, అది పక్షవాతమే అనుకుని వెంటనే స్కానింగ్ ఉండే ఆసుపత్రికి పోవాల. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షను మొదలైన నాలుగున్నర గంటల లోపలే వేస్తారు. గడ్డ కాకుండా రక్తనాళం చిట్లి ఉంటే ఆ సూది వేయకూడదు, అందుకే స్కానింగ్ ముందు. పసరు తర్వాత, దేవుడి తాయెత్తు తర్వాత. నాకు సమయానికి పడింది కాబట్టే ఇది టైపు చేస్తాండా.

ప్రాణం నిలిచింది గానీ కుడి పక్క బలం పోయింది. కాలు ఈడ్చుకుంటూ నడక. చెయ్యి గుప్పిట మూసుకోదు. ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. పల్లెంలో చెనిక్కాయలు పోసి ఒక్కొక్కటే తీసి ఇంకో పల్లెంలో వేయమంది. ముప్పై ఏళ్లు ఎకరాలకెకరాలు చెనిక్కాయ పెరికినోణ్ణి, ఒక్క కాయ పట్టుకోలేక చెమటలు పట్టినాయి. రెండు నెలలకు కాయ పట్టు చిక్కింది. నాలుగు నెలలకు బొటనవేలితో కాయ చిట్లగొట్టినా. ఆ రోజు మా ఇంట్లో పండగ. కానీ స్ప్రేయరు మోయలేను, పార పట్టలేను, ఎద్దును నిలేయలేను. ఇంట్లో అందరూ కూచుని మాట్లాడుకున్నారు. అయిదెకరాలూ పక్క చేను రైతుకు కౌలుకు ఇచ్చేద్దామని తేల్చినారు. ఆ సారి వానాకాలం పంట బావమరిది చూసుకునేట్టు, నేను జర్మనీ పోయి వచ్చినాక కౌలు కాగితం రాసేట్టు. నన్ను అడిగినారు. సరే అన్నా. కాదనడానికి నా చేతిలో ఏముంది? చెయ్యే లేదు.

మామూలుగా అయితే జర్మనీ ప్రయాణం కూడా మానుకునేవాణ్ణే. డాక్టరు పోవచ్చు అన్నాడు, మాత్రలు మానకుండా వేసుకుంటే. విమానంలో మధ్యమధ్య లేచి నడవమన్నాడు. మా ఇంటామె చెనిక్కాయ పొడి, రాగిపిండి, నిమ్మకాయ ఊరగాయ కట్టిచ్చింది. ఊరగాయ సీసా చూసి, అదేదో బాంబు అన్నట్టు విమానాశ్రయంలో ముగ్గురు పరీక్ష చేసినారు.

ఇప్పుడు వాకెన్ గురించి. రైతులు తెలుసుకోవాల్సిన ఊరు.

హాంబర్గ్‌కు వాయవ్యంగా 70, 80 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జనాభా సుమారు రెండు వేలు. ఆవులు, పచ్చిక బీళ్లు, ఆవుల మేతకు మొక్కజొన్న. అంతే ఆ ఊరు. 1990లో ఆ ఊరి వాళ్లే ఇద్దరు యువకులు, థామస్ యెన్సెన్, హోల్గర్ హ్యూబ్నర్ అని, ఊరి పక్క కంకర గుంతలో ఆరు బ్యాండ్లతో చిన్న పండగ పెట్టినారు. మొదటిసారి వచ్చింది ఎనిమిది వందల మంది. ఇప్పుడు 85,000 మంది వస్తారు. ఊరి జనాభాకు నలభై రెట్లు! పండగ గుర్తేంటో తెలుసా? ఎద్దు పుర్రె, కొమ్ములతో సహా. ఊరి రైతుల దగ్గర 200 హెక్టార్ల పైన, అంటే మన లెక్కకు 500 ఎకరాల పైన భూమి ఆ కొద్ది రోజులకు తీసుకుంటారు. మిగతా ఏడాదంతా అది పచ్చికే, ఆవుల మేతే. 2017లో ఏం చేసినారంటే, బీరు ట్యాంకర్లు తిరిగితే నేల పాడవుతుందని ఏకంగా ఏడు కిలోమీటర్ల మేర భూమిలో బీరు పైపులైను వేసినారు. మనం తాగునీటి పైపులైనుకు ఎన్నేళ్లుగా అర్జీలు పెడుతున్నామో గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మేం పోయిన 2023లో పండగ బుధవారం ఆగస్టు 2 నుంచి శనివారం 5 దాకా. మేం సోమవారమే హాంబర్గ్ నుంచి ఇట్సెహో దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో పోయినాం. మావాడు వీపుకు చిన్న గుడారం కట్టుకున్నాడు. నా చేతిలో కర్ర. ముందు నుంచే వానలు. పోయేసరికి ఆ పొలాలన్నీ వరి మడులకు దమ్ము చేసినట్టున్నాయి. కార్లు, పెద్ద పెద్ద గుడారం బండ్లు చక్రాల దాకా దిగబడి ఉన్నాయి. ఊరి రైతులు ట్రాక్టర్లు తెచ్చి ఒక్కోదాన్నీ గొలుసుతో లాగుతున్నారు. ట్రాక్టరు చప్పుడు వినంగానే నాకు సొంతూరికి వచ్చినట్టయింది. దారుల్లో చెక్కపొట్టు పోసినారు, ఇనుప పలకలు పరిచినారు. ఎంత చేసినా బురద బురదే. బుధవారం కల్లా ఇక ఎవరూ రావద్దని ప్రకటించినారు. 85,000 టికెట్లు అమ్మినవాళ్లు, 50,000 దగ్గర ఆపేసినారు. మిగిలినవాళ్లకు డబ్బులు వాపసు ఇచ్చినారు. మావాడితో పనిచేసే ఒకాయన సగం దారి నుంచి వెనక్కి తిరిగిపోయినాడు. మేం రెండ్రోజులు ఆలస్యంగా బయల్దేరి ఉంటే మా సంగతీ అంతే.

అక్కడ అంత నీళ్లు ఉంటే ఇక్కడ మా బావమరిది ఫోన్ చేసి "మామా, మబ్బు కూడా లేదు" అంటాడు. మీకు గుర్తుండే ఉంటుంది ఆ ఆగస్టు. 1901 నుంచి లెక్కలు తీస్తే మన దేశానికి అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. కదిరి-6 విత్తనం వేసి ఊడలు దిగే సమయానికి నేల బిగుసుకుపోయింది. నేను మోకాళ్ల దాకా బురదలో నిలబడి ఆ ఫోను విన్నా. ఇంత బురదను ఒక డబ్బాలో పెట్టి పంపేదుంటే బాగుండు అనిపించింది.

జనం గురించి చెప్పాల. అందరూ నల్ల చొక్కాలు, నడుము దాకా జుట్టు, ఒంటి నిండా పచ్చబొట్లు. చూస్తే దొంగల ముఠా అనుకుంటారు. అంత మర్యాదస్తులను నేను యాడా చూడలేదు. నా కర్ర చూసి దారి వదిలేవాళ్లు. ఒకచోట కాలు జారితే నాలుగు చేతులు వచ్చి పట్టుకున్నాయి, అందులో ఒకాయన నాకంటే పెద్దోడు, తెల్లగడ్డం. వీల్‌చైర్ల మీద వచ్చినవాళ్లకు ఎత్తుగా వేరే అరుగు కట్టినారు. మావాడు నన్నూ అక్కడికి తీసుకపోతానన్నాడు. వద్దన్నా. నిలబడే చూస్తా అన్నా. ఊర్లో అయితే ముసలమ్మలు ఇంటి ముందర బల్ల వేసుకుని కాఫీ, కేకు అమ్ముతున్నారు. పండగ మొదట్లో వాయించింది ఎవరనుకున్నారు, ఊరి అగ్నిమాపక దళం వాళ్ల బాకా మేళం. ప్రతి ఏడాదీ వాళ్లు వాయించాల్సిందేనంట. మన జాతరలో మొదట ఊరి డప్పు పడినాకే మిగతావన్నీ కదా, అట్ల.

గురువారం ఒక రైతుతో మాట్లాడినా, మావాడు మధ్యలో తర్జుమా. ట్రాక్టరు దిగి సిగరెట్టు తాగుతుంటే నేనే పలకరించినా. నేనూ రైతునే అంటే "ఎన్ని ఆవులు" అన్నాడు. రెండు అన్నా. రెండు వందలు అనుకుని "మంచిది" అన్నాడు. మావాడు సరిచేస్తే నవ్వి నా భుజం తట్టినాడు. ఆయనకు నూట ఇరవై. ఇంతమంది తొక్కితే నేల గట్టిపడదా అని అడిగినా. గట్టిపడుతుంది, అయినాక లోతుగా కదిలించి మళ్లీ గడ్డి గింజలు చల్లుతాం అన్నాడు. పండగకు ముందే గడ్డి కోసి పాతర వేసుకుంటారంట. దానికన్నా పెద్ద భయం గుడారాల ఇనుప మేకులు. ఒక్క మేకు మిగిలినా గడ్డితో పాటు ఆవు కడుపులోకి పోతుంది, అందుకని ట్రాక్టరుకు పెద్ద అయస్కాంతం కట్టి పొలమంతా తిప్పి ఏరుతామన్నాడు. మన ఆవు తీగముక్క మింగి చచ్చిపోయిన సంగతి ఆయనకు చెప్పినా. ఇద్దరం కాసేపు ఆవుల మాటే మాట్లాడుకున్నాం. వెనక ఏదో బ్యాండు ఆకాశం పగిలేట్టు వాయిస్తాంది. ఆయన ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రమే మావాడు ఫోన్ చూస్తూ "నాయనా, ఇది విను" అన్నాడు. ఐరన్ మెయిడెన్ డ్రమ్ములు వాయించే నికో మెక్‌బ్రెయిన్ ఆ రోజు, ఆగస్టు 3న, ఒక ప్రకటన చేసినాడు. జనవరిలో తనకు పక్షవాతం వచ్చిందట. కుడి భుజం నుంచి కింది దాకా పడిపోయిందట. పది వారాలు గట్టిగా వ్యాయామం చేయించుకుని, డెబ్బై శాతం దాకా కోలుకున్నాక ఈ పర్యటనకు బయల్దేరినాడట. ఆయన వయసు అప్పటికి 71. మే నెల నుంచి ఊరూరా వాయిస్తానే ఉన్నాడు, జనానికి తెలీదు.

కుడి పక్క. నాకూ కుడి పక్కే. నాకు అక్టోబరు, ఆయనకు జనవరి. నాకంటే మూడు నెలలు వెనక వచ్చింది, నాకంటే పదిహేడేళ్లు పెద్దోడు. నేను మావాడి చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆ ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని నేనే మళ్లీ చదివినా. ఆ రాత్రి గుడారంలో నిద్ర పట్టలేదు. బురద వాసన, దూరంగా డ్రమ్ములు. కౌలు కాగితం గుర్తొచ్చింది.

శుక్రవారం రాత్రి ఐరన్ మెయిడెన్. నేను మధ్యాహ్నం నుంచే పోయి చోటు పట్టినా. చిరుతిండి చెనిక్కాయ పొడి, రొట్టె. మొదట లోపల వేరే బ్యాండు పాట ఒకటి స్పీకర్లలో పెడతారు, యూఎఫ్ఓ అనే వాళ్లది. అది రాంగానే యాభై వేల మంది ఒకేసారి అరిచినారు. ఎందుకంటే దాని తర్వాత వచ్చేది వీళ్లే అని అందరికీ తెలుసు. మన దగ్గర గంట కొట్టంగానే హారతి అని తెలిసినట్టు.

మొదటి పాటే సమ్‌వేర్ ఇన్ టైమ్ ఆల్బమ్‌లో మొదటి పాట. కలాసిపాళ్యం క్యాసెట్టులో మొదటి పాట! ఆ పర్యటనలో వాళ్లు ఆ ఆల్బమ్ పాటలు, 2021లో వచ్చిన సెంజుట్సు పాటలు కలిపి వాయిస్తున్నారు. నాకు కాళ్లలో బలం పోయినట్టయింది, ఈసారి పక్షవాతం వల్ల కాదు. ముగ్గురు గిటారు వాళ్లు వరసగా నిలబడినారు, డేవ్ ముర్రే, ఏడ్రియన్ స్మిత్, జానిక్ గెర్స్. స్టీవ్ హ్యారిస్ ఒక కాలు స్పీకరు పెట్టె మీద పెట్టి, గిటారును తుపాకిలాగా జనం మీదికి గురిపెట్టి అదే గుర్రం దౌడు. ఆయనకు అప్పటికి 67 ఏళ్లు. బ్రూస్ డికిన్సన్‌కు ఇంకో మూడు రోజుల్లో 65 నిండుతాయి. ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తుతానే పాడతాడు. మన ఊర్లో 65 ఏళ్లోడు పరిగెత్తితే ఎద్దు తరుముతాందని అర్థం. మధ్యలో ఎడ్డీ మనిషికి రెండింతల ఎత్తున తుపాకీ పట్టుకుని వచ్చినాడు, బ్రూస్ ఫిరంగిలాంటిది పట్టుకుని వాడితో యుద్ధం చేసినాడు. చిన్నపిల్లల ఆట. నాకు బాగా నచ్చింది, దాచుకునేదేముంది.

కానీ నేను చూసింది ఎక్కువగా డ్రమ్ముల వైపే. ఆయన కనపడడు. తన చుట్టూ అన్ని డ్రమ్ములు, తాళాలు పేర్చుకుంటాడు కాబట్టి వెనక మనిషి ఉన్నాడో లేడో తెలీదు. పక్కన పెద్ద తెరల మీద చూపిస్తే చూడాల్సిందే. చెప్పులు లేకుండా ఒట్టి కాళ్లతో వాయిస్తాడాయన. అది నాకు ముందే తెలుసు గానీ, ఆ పాదం తెర మీద చూసినప్పుడు వేరుగా ఉంది. కుడి పాదం. అది లేస్తాంది, పడతాంది. కుడి చెయ్యి కూడా. నేను కళ్లార్పకుండా ఆ చేతినే చూసినా, డాక్టరు చూసినట్టు. మణికట్టు ఎట్ల తిరుగుతాంది, పుల్ల యాడ పట్టుకున్నాడు అని. నా చెయ్యి దానంతటదే కర్ర మీద దరువు వేస్తాంది. బురదలో చెప్పులు తీసేసినా. మావాడు "నాయనా, చలి" అన్నాడు. ఊరుకో అన్నా.

తర్వాత అలెగ్జాండర్ ది గ్రేట్ పాట. ఎనిమిదిన్నర నిమిషాల పాట. మన చిన్నప్పటి సాంఘికశాస్త్రంలో పురుషోత్తముడితో యుద్ధం చేసినోడు, ఆ అలెగ్జాండరే. 1986లో రికార్డు చేసినా, 2023 దాకా ఒక్కసారి కూడా వేదిక మీద వాయించలేదు. క్యాసెట్టులో చిట్టచివరి పాట అది. ఆ టేపు నలిగింది కూడా అక్కడే, కాబట్టి దాని చివరి నిమిషం నేను చాలా ఏళ్లు వినలేదు. మొదలవుతుండగా నా పక్కనున్న తెల్లగడ్డం ఆయన ఏడుస్తున్నాడు. ఆయనకు ఏ బోరు ఎండిందో.

ది ట్రూపర్ అని ఒక పాట ఉంది, యుద్ధంలో గుర్రపు దళం గురించి. అందులో డ్రమ్ములు గబగబా దొర్లే చోట్లు కొన్ని ఉంటాయి. నేను వేలసార్లు విన్నవాణ్ణి కాబట్టి తెలిసింది, ఆ చోట్లలో ఆయన అన్నీ వేయలేదు. కొన్ని వదిలేసి, తేలిక చేసుకుని, తాళం తప్పకుండా దాటుకుపోయినాడు. పాట ఆగలేదు. పక్కవాళ్లు ఎవరూ గమనించినట్టు లేదు. మావాడికి చెప్తే "అవునా, నాకేం తేడా తెలీలేదే" అన్నాడు. నాకు మాత్రం ఆ రెండు గంటల్లో అన్నిటికన్నా ఎక్కువ పట్టుకున్నది ఆ వదిలేసిన దెబ్బలే. ఏది చేయగలడో అది చేసినాడు, ఏది చేయలేడో దాని చుట్టూ దారి తీసుకున్నాడు. ఆఖర్లో వేస్టెడ్ ఇయర్స్ పాట, అదీ ఆ క్యాసెట్టులోదే. అయిపోయినాక ఆయన లేచి ముందుకొచ్చి డ్రమ్ము పుల్లలు జనంలోకి విసిరినాడు. ఏ చేత్తో విసిరినాడో ఎంత చూసినా జనం మధ్య నాకు కనపడలేదు. ఇప్పటికీ అది తెలుసుకోవాలని ఉంది.

తిరుగు దారిలో బస్సు దాకా బురదలో నడక రెండు గంటలు పట్టింది. మావాడు మోస్తానన్నాడు. వద్దు అంటే ఇద్దరికీ కొట్లాటైంది, అది వేరే కథ.

ఊరికొచ్చినాక కౌలు రైతును పిలిపించినా. కాగితం రాసుకున్నాం, అయితే అయిదెకరాలకు కాదు, మూడింటికి. రోడ్డు పక్క రెండెకరాలు నేను పెట్టుకున్నా. మా ఇంటామె నాలుగు రోజులు మాట్లాడలేదు. కొడుకు ఫోన్లో "నాయనా, నువ్వు నిన్ను నికో అనుకుంటున్నావా" అన్నాడు. లేదురా, ఆయనకు జీతాలిచ్చి పెట్టుకున్న వైద్యులు ఉంటారు, నాకు పల్లెంలో చెనిక్కాయలు ఉన్నాయి అన్నా.

ఆ రెండెకరాల్లో ఎట్ల చేస్తాండానో అడిగిన తమ్ముడి కోసం చెప్తా. పెరకడం, మోయడం ఉండే చెనిక్కాయ మానేసినా. ఒక ఎకరా చీనీ మొక్కలు, మధ్యలో కంది. ఒక ఎకరా కూరగాయలు, డ్రిప్పు మీద. మందు కొట్టడానికి చక్రాల మీద తోసుకుపోయే బ్యాటరీ స్ప్రేయరు తెచ్చినా, వీపున మోసే పని లేదు. పారకు పిడి పొడుగ్గా చేయించి, గుడ్డ చుట్టించినా, గుప్పిట సరిగా మూసుకోకపోయినా పట్టు జారదు. గొయ్యి తవ్వడం, మూటలెత్తడం కూలి మనిషికే. మొదటి ఏడాది ఖర్చులు పోను పెద్దగా ఏం మిగల్లేదు. రెండో ఏడాది టమోటాకు రేటు పడి నష్టమే. దాన్ని చేతి మీదికి నెట్టలేను, రెండు చేతులూ బాగున్నోళ్లకూ అదే నష్టం.

నికో సంగతి కూడా చెప్పాల, లేకుంటే సగం కథ చెప్పినట్టవుతుంది. 2024 డిసెంబరు దాకా వాయించినాడాయన. బ్రెజిల్‌లో సావో పాలో కచేరీతో పర్యటనలు చాలించుకుంటున్నానని తానే చెప్పినాడు. అప్పటికి 72 ఏళ్లు. ఇప్పుడు ఆయన చోట సైమన్ డాసన్ అనే ఆయన వాయిస్తున్నాడు. ఆ వార్త చదివిన రోజు నేను చీనీ మొక్కలకు పాదులు సరిచేస్తాండా. పార పక్కన పెట్టి గట్టు మీద కూచున్నా. మా ఇంటామె సద్ది తెచ్చి, నా ముఖం చూసి, ఎవరన్నా పోయినారా అంది. ఎవరూ పోలేదు, ఒకాయన పని చాలించినాడు అని చెప్పినా. ఎవరాయన అంటే, మన దిష్టిబొమ్మోళ్ల డ్రమ్ములాయన అన్నా. ఆమె కూడా పక్కన కూచుంది. కాసేపటికి, "మరి నువ్వెప్పుడు" అంది. చీనీ మొదటి కాపు రానీ, అప్పుడు చూద్దాం అన్నా. మొక్కలకు ఇప్పుడు మూడో ఏడు నడుస్తాంది.